తుఫాను మావయ్య కొలిమితిత్తి

మా వీధిలో కోతలు వినాలంటే టీ కొట్టు దాకా వెళ్తే చాలు. అందులోనూ తుఫాను మావయ్య బెంచీ మీద కుడికాలు పైకి పెట్టుకున్నాడంటే చేతిలో పని పక్కన పడేసి మరీ వెళ్లాలి. ఆయన కమ్మరి. నేను ఆయన పక్క షెడ్డులో వడ్రంగిని. ఆయన కొలిమితిత్తికి చెక్కలు చేసింది నేనే కాబట్టి ఆ తిత్తి గొప్పల్లో నాకూ పావు వాటా ఉందని నా నమ్మకం.

రెండు నెలలుగా ఆ కొలిమిలో పని లేదు. మావయ్య భార్య పోయిన రోజు ఆగింది, మళ్లీ మొదలవలేదు. ఈ నెలాఖరులోగా కొలిమి వెలిగించకపోతే షెడ్డు ఇంకొకరికి ఇచ్చేస్తానని యజమాని కబురు పెట్టాడు. అది విని ఆవిడ తమ్ముడు, కరెంటు పని చేసుకునేవాడు, గాలి ఊదే మిషనొకటి అట్టపెట్టెలో పెట్టుకుని టీ కొట్టు దగ్గరికే వచ్చాడు. మీట నొక్కితే నిప్పు దానంతటదే రాజుకుంటుందట, ఒక్క పూటలో బిగించేస్తానన్నాడు. మావయ్య ఆ పెట్టె వంక కూడా చూడకుండా టీ గ్లాసు అందుకున్నాడు. కాలు బెంచీ మీదికెక్కింది.

“మిషనా? ఒరేయ్ బావమరిదీ, నా తిత్తి సంగతి నీకేం తెలుసురా, నువ్వప్పటికి లాగు జారిపోతుంటే ఎగలాక్కునే వయసు. వారం రోజులు ముసురు పట్టింది, బొగ్గులు పిండితే నీళ్లు కారుతున్నాయి, వీధిలో ఒక్క పొయ్యీ వెలగట్లేదు, ఎవడో బండి ఇరుసు విరిగిందని ఏడుపు మొహం వేసుకుని వచ్చాడు. తిత్తి గొలుసు పట్టుకుని నాలుగంటే నాలుగు లాగులు లాగాను, బొగ్గు భగ్గుమంది. ఇరుసు అతికించి పంపాను. ఇందులో గొప్పేం లేదులే, ఎవడైనా చేస్తాడు.”

ఇరుసు సంగతి నిజమే, నేనూ చూశాను. ఆయన కోతలెప్పుడూ ముందు నిజం మీద కాలు పెట్టి, ఆ తర్వాతే పైకెక్కుతాయి.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ నోటా ఈ నోటా పడి సంగతి లారీవాళ్ల దాకా పోయింది. ఒకడు వచ్చాడు, ఆరు చక్రాల్లోనూ గాలి లేదు. తిత్తి గొట్టం తగిలించి చక్రానికి ఒక ఊపు చొప్పున ఊదాను. ఆరోదానికి కాస్త గట్టిగా పడినట్టుంది, లారీ నేల మీంచి జానెడు లేచింది. డ్రైవరు దిగడానికి నిచ్చెన అడిగాడు.”

“జానెడుకి నిచ్చెనెందుకు మావయ్యా?” అంది టీ కొట్టమ్మాయి.

“నువ్వు అడ్డం రాకమ్మా. వాడు అడిగినప్పుడు జానెడు, నిచ్చెన తెచ్చేసరికి ఇంకా లేస్తోంది కదా.”

ఇక వీధిలో ఆడవాళ్లు ఊరుకుంటారా, ఉతికిన బట్టలన్నీ ఆయన గుమ్మం ముందే ఆరేశారట. ఒక్క ఊపుకి అన్నీ ఆరిపోయాయట, ఇస్త్రీ కూడా అయిపోయిందట. ఒక్క చొక్కా మాత్రం ఎగిరి మూడు ఊళ్లవతల ఎవరో పోలీసాయన ఒంటి మీద పడిందట. కొలతలు సరిపోయాయని ఆయన తిరిగివ్వలేదట.

“ఆ తర్వాత ఏటి సంగతి విను. తెరచాప పడవ నడి ఏట్లో నిలిచిపోయింది. ఆకు కదలట్లేదు, లోపల నలభై మంది. తిత్తి భుజాన వేసుకుని గట్టు మీదికెళ్లి ఊదాను, అందరూ అవతలికి చేరారు. అప్పుడు పడవవాడు కేకేశాడు, మరి నేను వెనక్కి ఎలా రావాలని. వాడన్నదీ న్యాయమే కదా. తిత్తి తిరగేసి గాలి లోపలికి లాగాను. పడవ వచ్చేసింది, దాంతోపాటు అవతలి గట్టున కట్టేసిన రెండు గేదెలూ వచ్చేశాయి.”

తిరగేస్తే ఆ తిత్తి ఏమీ లాగదని చెక్కలు చేసిన నాకు తెలుసు. అయినా నోరు మెదపలేదు. రెండు నెలల తర్వాత ఆయన ఇంతసేపు మాట్లాడడం అదే మొదలు, నాకది బాగుంది.

“ఇంకా మబ్బు సంగతి చెప్పలేదు. వానల్లేక చస్తుంటే పక్క ఊరి మీద నల్లమబ్బు కనిపించింది, లాగాను. మూడు రోజులు కురిసేసరికి ఇక చాలు బాబూ అన్నారు మనవాళ్లు, వెనక్కి ఊదాను. ఆ ఊరివాళ్లూ వద్దన్నారు, మళ్లీ లాగాను. అటూ ఇటూ తిరిగి తిరిగి ఆ మబ్బుకి ఆయాసం వచ్చింది, నా షెడ్డు మీద చతికిలపడి, ఎక్కడో ఒకచోట కురవనివ్వు మహానుభావా అని బతిమాలుకుంది. అంత గొడవలోనూ పని ఆపానా? కుడిచేత్తో సుత్తి, ఎడమచేత్తో తిత్తి గొలుసు, ఆ ఒక్క పూటే పన్నెండు గడ్డపారలు సాగదీశాను.”

అంతవరకు తలవంచుకుని వింటున్న బావమరిది తలెత్తాడు.

“బావా, గొలుసు గోడ దగ్గరుంది, దాగలి గుమ్మం దగ్గరుంది. మధ్యలో కొలిమి. మీ చెయ్యి అంత పొడుగా?”

టీ కొట్టమ్మాయి నవ్వింది, నేనూ నవ్వాను. అతను మాత్రం నవ్వలేదు.

“నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మీరు ఆ గొలుసు పట్టుకోవడం చూడలేదు. లాగింది అక్క.”

మా నవ్వు ఆగిపోయింది. ఏ కొలిమిలోనైనా అంతే. దాగలి మీద ఇనుము పెట్టి కొట్టేవాళ్లు ఒకరు, అవతల కూర్చుని నిప్పు రంగు చూస్తూ తిత్తి లాగేవాళ్లు ఇంకొకరు. “పెంచు”, “చాలు” అని మావయ్య అరిచే అరుపులు నా షెడ్డులోకి రోజూ వినిపించేవి. అవతలినుంచి జవాబు రావడం నేనెప్పుడూ వినలేదు. గాలి పెరిగేది, తగ్గేది, అంతే.

మావయ్య బెంచీ మీంచి కాలు దించాడు.

“మొన్న పొద్దున్నే ఒక్కణ్ణే వెళ్లి లాగాను,” అన్నాడు. “ఇనుము ఎర్రబడింది. పట్టకారుతో తీసుకొచ్చి దాగలి మీద నాలుగు దెబ్బలు వేసేసరికి వెనకాల నిప్పు నీరసించింది. పెంచు అని అరిచాను. అరిచాక గుర్తొచ్చింది.”

టీ కొట్టమ్మాయి స్టవ్ మంట తగ్గించింది.

“లాగింది అక్కేనని చెప్పొచ్చుగా బావా. ఎవరు కాదంటారు?”

“ఎవరూ కాదనరురా. ఆవిడ లాగిందని చెప్తే, మరి ఇప్పుడెవరు లాగుతున్నారని అడుగుతారు. దానికీ జవాబు చెప్పాలి. నేనే లాగానంటే ఇంకెవరూ ఏమీ అడగరు, మబ్బు గురించి తప్ప.”

బావమరిది కళ్లు తుడుచుకుని పెట్టె తీసుకుని లేచాడు. బలవంతం చెయ్యనని, తీసుకెళ్లిపోతానని అన్నాడు. మావయ్య చెయ్యి చాచి ఆ పెట్టె అందుకుని ఒళ్లో పెట్టుకున్నాడు, పైన అట్ట తెరిచి కాసేపు లోపలికి చూశాడు.

“దీని మీట ఎక్కడుంటుంది?”

“మీరు ఎక్కడ పెట్టమంటే అక్కడ. గోడ దగ్గర కరెంటు బోర్డు ఉంది కాబట్టి గొలుసున్న చోటే పెడదామనుకున్నాను.”

“అక్కడొద్దు,” అన్నాడు మావయ్య. “వైరు ఎంత పొడుగైనా పర్లేదు, దాగలి కింద నా కాలికి అందేలా పెట్టు. ఆవిడ చోట్లో ఏమీ పెట్టకు.”