లా తిరానా దారిలో చూసినవన్నీ

చిలీ ఉత్తరపు ఎడారి. ఆంతోఫగాస్తా ఊరు దాటిన పెద్ద రోడ్డు మీద ఒక పాత వ్యాను. ఇంకా ఉత్తరాన ఉన్న లా తిరానా జాతరకని పొద్దున్నే పెళ్ళాన్ని ఎక్కించుకున్నాడు రమిరో. నోల్ఫాకి కళ్ళు పోయి ఆర్నెల్లయింది, అందుకని చూసేదీ చెప్పేదీ అంతా ఆయనే.

"అదేంటయ్యా, నా వైపు ఇంత చలిగా ఉంది. అద్దం గానీ దించావా?"

"దించలేదు నోల్ఫా. ఎడారిలో పొద్దున చలి కాక ఏముంటుంది? శాలువా కప్పుకో. కాఫీ నీ కుడిచేతి పక్కనే ఉంది, తలుపు అరలో."

"పెట్టె ఎక్కించేటప్పుడు మూలిగావు. మూడ్రోజుల జాతరకి అంత బరువేం పెట్టావు?"

"దుప్పట్లు. అక్కడ రాత్రిళ్ళు తెలుసుగా."

"నా వేషం పెట్టావా?"

"పెట్టా."

"ఎర్రదేనా?"

"ఎర్రదే."

"బూట్లు?"

"పెట్టానన్నానుగా."

"బూట్లూ పెట్టానన్నావు కానీ వాటి గజ్జెలు మోగలేదు. నిరుడు పెట్టె ఎత్తితే వీధి వీధంతా వినపడింది."

"తువ్వాలులో చుట్టా. దారంతా గోల ఎందుకని."

"గజ్జెలు గోలేంటి నీ మొహం. ఇది మూడో ఏడు, తెలుసా? ఆఖరుది."

"తెలుసు."

"మూడేళ్ళు ఆడతాను, నా కళ్ళు నిలబెట్టు తల్లీ అని మొక్కుకున్నా."

"నిలబెట్టలేదుగా కార్మెన్ మాత. మరింక మొక్కేంటి? అదే నేననేది. ఎవరి కోసం..."

"ఆవిడ మాట తప్పిందని నేనూ తప్పాలా? రేపొద్దున చర్చి ముందు ఆడతాను. మా బృందం పెద్దావిడ చెప్పింది, నా నడుముకి రిబ్బను కట్టి, ముందు ఆడే పిల్లకి ముడేస్తారట. అది ఎటు తిరిగితే అటు తిరగడమే."

"పడిపోతే?"

"పడితే లేస్తా. ఇంకేం మిగిలింది రమిరో నాకు? వంట చెయ్యలేను, బట్టలు ఆరెయ్యలేను. ఇదొక్కటే చెయ్యగలిగింది. ఇది తీరిపోతే ఇంక ఎక్కడ పారేసినా పడుంటా."

"పారెయ్యడమేంటి, పొద్దున్నే ఏం మాటలవి?"

"సరే సరే. ఎంతదాకా వచ్చాం? మకరరేఖ కమాను వచ్చిందా?"

"ఇదిగో, వస్తోంది."

"ఆపు. ఎప్పుడూ అక్కడేగా కాఫీ తాగేది."

"ఇవాళ కుదరదు. జాతర బస్సులు, కాలు పెట్టే సందు లేదు. ఇక్కణ్ణించే చూపిస్తాలే."

"అన్ని బస్సులుంటే ఒక్క మనిషి గొంతూ వినపడదేం?"

"అద్దాలు మూసున్నాయి. ఇదిగో, కమాను కింద ఒక పెళ్ళికూతురు ఫోటో దిగుతోంది. తెల్లగౌను అంచంతా దుమ్ము. పిల్లాడెవడో ఆ గౌను పట్టుకుని దాని మీదే ముక్కు తుడుచుకుంటున్నాడు."

"అబ్బో. ఇంత వేగంగా పోతూ అంతా చూశావా?"

"చూశా."

"ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఇన్ని మాటలు మాట్లాడలేదు నువ్వు. నా కళ్ళు పోయాక నీకు నోరొచ్చింది."

"చెప్పమంటేనేగా చెప్తున్నా."

"చెప్పు, చెప్పు. బావుంది. తర్వాత పాడుబడ్డ మా తాత ఊరు గదా."

"అదీ వస్తుంది."

"సురేకారం తవ్వి తవ్వి ఊపిరితిత్తులు పోయి అక్కడే పోయాడు. ఆయన ఇంటి గోడని ఒకసారి ముట్టుకుని పోదాం."

"ముట్టుకోనివ్వరు. ఊరి చుట్టూ కంచె వేశారు."

"ఎప్పుడు?"

"ఈమధ్యే. అదిగో, కనపడుతోంది. మీ తాత ఆదివారాలు వెళ్ళేవాడే, ఆ నాటకశాల, దాని తలుపు ఒకటి ఊడి పడిపోయింది. లోపల ఎర్రకుర్చీలు కనపడుతున్నాయి."

"ఆ ఇళ్ళ రేకులు గాలికి దడదడా కొట్టుకునేవి. రోడ్డు మీదికి వినపడేవి. ఇప్పుడు వినపడవేం?"

"గాలి లేదు."

"వ్యాను ఊగుతోంది గదయ్యా."

"రోడ్డు గతుకులు."

"ఓహో. సరే, మా తమ్ముడి దగ్గర మాత్రం ఆపాల్సిందే. నీళ్ళ సీసా ఒళ్ళోనే పెట్టుకున్నా."

"లౌతారో సిలువా? అది దాటేశాం అనుకుంటా."

"దాటితే వెనక్కి తిప్పు. లారీ బోల్తాపడి ఎండలో నీళ్ళో నీళ్ళో అంటూ పోయాడు వాడు. వాడికి నీళ్ళు పొయ్యకుండా ఈ దారిన ఏనాడూ పోలేదు నేను. నువ్వు ఆపకపోతే తలుపు తీసుకుని దిగుతా."

"తలుపు ముట్టుకోకు. ఆపుతా, ఆపుతా. అదిగో, రానే వచ్చింది. వాడిదే."

"చెయ్యి పట్టుకో. ఎన్ని సీసాలున్నాయి వాడి దగ్గర?"

"చాలా ఉన్నాయి. అందరూ పెట్టి పోతున్నారు. ఇటు, ఇటు. వంగు. ఇదిగో సిలువ."

"ఇది చెక్క."

"ఆఁ."

"వాడిది ఇనుప సిలువ. లారీ బంపరు కోయించి మనమే చేయించాం."

"తుప్పు పట్టిందని ఎవరో మార్చుంటారు. వాడి స్నేహితులు."

"ఇదేంటి రమిరో? చిన్న బూటు. నా వేళ్ళు కూడా పట్టడం లేదు లోపలికి. చంటిపిల్లది."

"గాలికి కొట్టుకొచ్చుంటుంది."

"గాలి లేదన్నావుగా."

"ఎండ ఎక్కుతోంది. పోసెయ్యి, పోదాం."

"మూత తీసిపెట్టు. తాగమ్మా. తాగు. అంతా నీకే."

"అమ్మా అంటావేంటి, లౌతారోని?"

"ఎవరైతేనేం, దాహం దాహమే. పద. నన్ను ఎక్కించి, సిలువకి దణ్ణంగా హారను కొట్టు. లారీవాడికి కొట్టినట్టు కొట్టకు, ఉలిక్కిపడతారు. మెల్లిగా కొట్టు."

"ఇదిగో, కొట్టా."

"ఊఁ. అట్లా."

"నిద్రొస్తే పడుకో నోల్ఫా. ఇంకా చాలా దూరం ఉంది."

"ఇంతసేపూ పడుకుని ఇప్పుడే లేచా. మంచి నిద్రే పట్టింది. ఇదేం వాసన?"

"ఏం వాసన?"

"ఉప్పు వాసన. సముద్రం పక్కన ఉన్నట్టు."

"ఉప్పు నేలలు గదా. మైళ్ళ కొద్దీ తెల్లగా కనపడుతున్నాయి."

"ఉప్పు నేలల్లో నాచు కుళ్ళిన వాసన కూడా వస్తుందా?"

"అదిగో, కొండ మీద బొమ్మలొచ్చాయి. నేనెప్పుడూ ఆపి చూడనివ్వనని సాధిస్తావుగా, ఇవాళ చూపిస్తా. లామాలు వరసగా పోతున్నాయి. చేతులెత్తిన మనిషి ఉన్నాడు. బల్లి ఉంది. ఆ పక్కన ఇద్దరున్నారు."

"ఇద్దరా? ఇద్దరు ఎక్కడున్నారు ఆ కొండ మీద? చిన్నప్పణ్ణించీ చూస్తున్నా, లేరు."

"ఉన్నారు. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకున్నారు. ఎండ ఈ వాలున పడితేనే కనపడతారేమో."

"ఆడా మగా?"

"ఏమో. రాళ్ళతో పేర్చిన బొమ్మలు, ఏం తెలుస్తుంది? ఒకళ్ళు కాస్త ముందున్నారు. నడిపిస్తున్నట్టు."

"ఎక్కడికట?"

"దాటేశాం, ఇంక కనపడరు."

"సరేలే. ఎండ అంటే గుర్తొచ్చింది, నా చెవి మాడిపోతోంది. మెడ కూడా. ఆ తువ్వాలు తీసి అద్దానికి కట్టు."

"ఏ తువ్వాలు?"

"పెట్టెలోది. గజ్జెలు చుట్టావే, అది."

"ఉండు. పక్కన ఆపుతా. ఆఁ. ఇదిగో. కట్టేశా. తగ్గిందా?"

"తగ్గింది. గజ్జెలు మళ్ళీ మోగలేదు రమిరో."

"మెల్లిగా తీశా."

"నీ అంత మెల్లిగా ఎవరూ తియ్యలేరులే."

"అమ్మా, ఆపారు గదా, వేడి రొట్టెలు తీసుకోండమ్మా. మేక చీజు కూడా ఉంది. ఇవాళ పొద్దున తీసింది."

"ఎవరమ్మా నువ్వు? ఎప్పుడొచ్చావు?"

"ఇక్కడే ఉన్నానమ్మా, రోడ్డు పక్కన. యాస్నా నా పేరు. రోజూ ఇక్కడే అమ్ముతా."

"వద్దమ్మాయ్, మాకు టైము లేదు."

"ఆకలేస్తోంది నాకు. ఒకటి తీసుకో రమిరో. మీ సొంత మేకలేనా యాస్నా?"

"మావేనమ్మా. ఆ గుట్ట వెనకాలే పాక."

"తమరూగో కాయలు తిన్న మేకల పాలు తియ్యగా ఉంటాయి. జాతర దారిలో ఈపాటికి చుట్టూ ఆ చెట్లే ఉండాలి, కదూ?"

"ఏం చెట్లమ్మా? ఇక్కడ రాళ్ళు తప్ప..."

"యాస్నా, నువ్వు రొట్టె కట్టివ్వు. తొందరగా. చిల్లర వద్దు, ఉంచుకో."

"ఇస్తున్నానయ్యా. ఎక్కడిదాకా పోతున్నారు?"

"జాతరకి."

"జాతరా? ఇటు ఏం జాతరుందయ్యా?"

"చెప్పానుగా. పోనిస్తున్నా, చెయ్యి తీసెయ్యి."

"మంచిదయ్యా. వేడిగా ఉన్నప్పుడే తినండమ్మా. కోపియాపో చేరేదాకా ఉంచితే బండైపోద్ది."

"అట్లాగే తల్లీ."

"తిను నోల్ఫా, పోతున్నాం."

"రొట్టె బావుంది రమిరో. నీకు తుంచి పెట్టనా?"

"వద్దు. ఆ పిల్లకి ఏమీ తెలీదు. దారులూ తెలీవు, ఊళ్ళూ తెలీవు."

"అవును పాపం. రోజూ ఇక్కడే ఉంటుందిగా, ఏం తెలుస్తుంది?"

"నోల్ఫా. నీకొకటి చెప్పాలి."

"తిననీ."

"తిన్నావుగా. ఇందాకణ్ణించీ చెబుదామని..."

"నేను చెప్తా. నువ్వు రోడ్డు చూడు. ముందటేడూ నిరుడూ జాతరకి పోయినప్పుడు పొద్దుటెండ నా వైపు పడింది. నా కుడి చెయ్యి పొట్టు లేచింది, నువ్వు నవ్వావు. మధ్యాహ్నం దాటాక నీ వైపుకి పోయింది, అప్పుడు నేను నవ్వా. గుర్తుందా?"

"ఉంది."

"ఇవాళ పొద్దున నేను శాలువా కప్పుకున్నా. మధ్యాహ్నం తువ్వాలు కట్టించుకున్నా. ఉత్తరానికి పోయే బండిలో ఎండ ఇట్లా తిరగదు. దక్షిణానికి పోతున్నాం మనం. కాఫీ చల్లారకముందే తెలుసు నాకు."

"తెలిస్తే... తెలిస్తే ఎందుకు అడగలేదే?"

"నువ్వే చెప్తావని. కమాను దగ్గర చెప్తావనుకున్నా. తాత ఊరి దగ్గర చెప్తావనుకున్నా. ఆ పసిబిడ్డ సిలువ దగ్గరైనా చెప్తావనుకున్నా."

"నోరు రాలేదు నోల్ఫా."

"కొండ మీద లేని వాళ్ళని చూపించడానికి వచ్చిందే. కోపియాపోలో సిస్టర్ల హోమ్ సంగతి ఆదివారమే తెలుసు. పెరట్లో కోళ్ళ మధ్య నిలబడి ఫోను మాట్లాడితే వినపడదనుకున్నావు. కళ్ళు పోతే చెవులు కూడా పోతాయనుకుంటారు అందరూ."

"నిన్ను వదిలించుకుందామని కాదు. నేను గనికి ఎక్కితే రెండు వారాలు దిగను. ఆ రెండు వారాలూ నువ్వొక్కదానివే. మొన్న పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకున్నావు. ఎవరూ లేక రాత్రంతా అట్లాగే..."

"నేనేమన్నా అన్నానా? హోముకి పోనన్నానా? పొయ్యి దగ్గరే అనుకున్నా, ఇది ఇంక సాగదని. నా ఏడుపు అది కాదు."

"మరేంటి?"

"జాతరయ్యాక దింపుతావనుకున్నా. మొక్కు తీరాక. అందుకే నోరు మూసుకుని వ్యానెక్కా. పోనీలే, ఆడించి తీసుకుపోతాడు, మంచోడు అనుకున్నా. నా వైపు ఎండ లేదని తెలిశాక, అప్పుడు ఏడవాలనిపించింది. చలి అన్నా."

"ఇవాళ సాయంత్రం లోపల రాకపోతే మంచం ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. బతిమాలా. నాలుగు రోజులు ఆగమన్నా. వంద మంది ఎదురుచూస్తున్నారన్నారు. మళ్ళీ ఎప్పుడు ఖాళీ అవుతుందో చెప్పలేమన్నారు. సోమవారం నేను గనిలో లేకపోతే ఉన్న పని కూడా పోతుంది. నేనేం చెయ్యను? చెప్పు, నేనేం చెయ్యను?"

"తెలుసు. అరవకు."

"తిప్పేస్తా. నువ్వు ఊఁ అను, ఇక్కడే తిప్పేస్తా."

"తిప్పితే రాత్రంతా నడిపి పొద్దుటికి చేరుస్తావు. ఆడతాను. మొక్కు తీరుతుంది. సోమవారం? సోమవారం రమిరో. ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"చూశావా. పోనీ, దక్షిణానికే పోనీ."

"వచ్చే ఏడు తీసుకుపోతా. కార్మెన్ మాత మీద ఒట్టు."

"ఆవిడ మీద ఒట్లు వద్దు. నావి చూశాంగా ఏమయ్యాయో. ఏడవకు. రోడ్డు కనపడదు. ఇద్దరమూ గుడ్డివాళ్ళమైతే బండెవరు నడుపుతారు? ముక్కు తుడుచుకో. ఆ తువ్వాలు తీసుకో, నా చెవికేం కాదు."

"క్షమించానని ఒక్కమాట అను."

"అనను. అబద్ధాలు నీవి చాలు ఇవాళ్టికి. ఇంకెంత దూరం?"

"అరగంట. అంతకన్నా తక్కువే."

"చాలు. పొద్దున్నించీ దారిలో ఉన్నవన్నీ చూపించావు. లా తిరానా ఒక్కటే మిగిలింది. అదీ చూపించు."

"నా వల్ల కాదు."

"అవుతుంది. చర్చి ముందు జనం, బాకాలు, దయ్యాల ముఖాలు పెట్టుకున్న కుర్రాళ్ళు, మాత పల్లకీ. ఒక్కటీ వదలకు. నేను ఇక్కడే కూర్చుని కాళ్ళతో ఆడతా."

"నోల్ఫా..."

"డప్పుల దగ్గర్నించి మొదలుపెట్టు. గజ్జెలు ఇంట్లోనే వదిలేశావుగా, ఆ చప్పుడు కూడా నువ్వే నోటితో చెయ్యాలి."