విమానంతో మాట్లాడిన లాప్‌టాప్

బళ్లు బాగుచేసే షెడ్డుకి ఎదురుగా ఉన్న టీ కొట్టులో, ఆ షెడ్డు మేస్త్రి మూడో గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. కోతలు కోయడంలో ఆయన్ని మించినవాళ్లు ఆ వీధిలో లేరు. బెంచీ చివర కూర్చున్న వ్యానక్కకి మాత్రం వినే ఓపిక లేదు. ఆవిడ నడిపే స్కూలు వ్యాన్ స్టార్ట్ కాక ఆ షెడ్డులో పడి ఇది రెండో రోజు. ఇవాళ మూడింటికి బడి గేటు దగ్గర బండి లేకపోతే పిల్లల్ని వేరే వ్యాన్‌కి అప్పజెప్పేస్తామని హెడ్మిస్ట్రెస్ కచ్చితంగా చెప్పేసింది. ఇప్పుడు ఒంటిగంటన్నర. మేస్త్రి కొత్తగా కొన్న లాప్‌టాప్‌ని వ్యాన్‌కి తగిలిస్తే, బండి నుంచి జవాబు లేదని తప్ప అది ఇంకేమీ చూపించడం లేదు.

ఇలాంటి మొండి బళ్లని ఎన్నింటిని దారికి తేలేదు నేను, అని ఎత్తుకున్నాడు మేస్త్రి. ఓసారి ఎవరిదో కారొచ్చిందట. ఇంజిన్‌కో కంప్యూటరు, బ్రేకులకో కంప్యూటరు, తలుపులకో కంప్యూటరు. వాటికి ఒకదానితో ఒకదానికి మాటల్లేవట, వేరుపడిన తోడికోడళ్లకి మల్లే. ఈయన వైర్లు వేలితో తడిమి, తెగింది ఎక్కడో ఇట్టే చెప్పేశాడట. అంతవరకూ బెంచీ మీద అందరూ నమ్మారు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? వైరు అతికించానో లేదో, బ్రేకుల కంప్యూటరు ఇంజిన్ కంప్యూటరుతో అంటుందీ, ముందు నువ్వు తగ్గు, తర్వాత నేను తగ్గుతానని. నేనే మధ్యన కూర్చుని రాజీ కుదిర్చాను."

"ఏ భాషలో?" అన్నాడు కొట్టు యజమాని గ్లాసులు కడుగుతూ.

"వాటి భాషలోనే," అని తడుముకోకుండా చెప్పి మేస్త్రి ఊపందుకున్నాడు. ఆ కబురు పాకి వీధిలో ఆగున్న బళ్లన్నీ లైట్లు ఆర్పి వెలిగించి తమ రోగాలు చెప్పుకున్నాయట, ఫైరింజనైతే దాని కష్టాలు చెప్పుకుని ఏడ్చేసిందట, ఇంతలో పైన పోతున్న విమానం కూడా ఈయన లాప్‌టాప్‌లోకొచ్చి, కుడిరెక్కలో ఏదో చప్పుడవుతోందండీ, దిగమంటారా అని అడిగిందట.

"దిగొద్దు, ఇక్కణ్ణుంచే చూస్తానన్నాను. చూశాను, చప్పుడు పోయింది. ఎలా చేశాననుకున్నారు? వైరు లేదు, తాళం తిప్పడం లేదు. తాళం తిప్పుకుని చూసేవాడు మేస్త్రేమిటండీ? లాప్‌టాప్ కొన్నాక ఏ బండికీ తాళం తిప్పి చూడలేదు నేను."

వ్యానక్క తలెత్తింది. ఇదివరకు వెళ్లిన షెడ్డులో లాప్‌టాప్ తగిలించగానే తాళం సగం తిప్పమనేవాళ్లు. తిప్పకపోతే బండిలో కంప్యూటర్లు నిద్రలోనే ఉంటాయని, ఎంత పిలిచినా పలకవని చెప్పేవాళ్లు.

"మా వ్యాన్‌కి కూడా తిప్పలేదా అన్నా?"

మేస్త్రి గ్లాసు కింద పెట్టాడు.

"తిప్పాలా చెల్లెమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

ఆవిడకి ఒళ్లు మండిపోయింది గానీ తిట్టడానికి టైము లేదు. గబగబా రోడ్డు దాటి, షెడ్డు గోడకి వేలాడుతున్న బండి తాళం తీసుకుని, వ్యాన్‌లో కూర్చుని సగం తిప్పింది. లాప్‌టాప్ తెర మీద కంప్యూటర్ల పేర్లు ఒక్కొక్కటీ వచ్చాయి. ఇంజిన్ పేరు పక్కన ఎర్రగా ఒకే ఒక్క లోపం కనిపించింది.

ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టి కేకేసింది.

"అన్నా, ఇవి పలుకుతున్నాయి. మీరు కాసేపు నోరు మూసుకుని వచ్చి వినండి."