బోటు మూత

చూపుడు వేలా, మోచెయ్యా? ఎనిమిది నెలలుగా బోటు డ్రైవరు త్రికోటేశ్వరరావు ఆ ఒక్క క్షణాన్నే తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. స్విచ్చికి తగిలింది ఏదైతేనేం, ఇంజను మీది బరువైన మూత పడింది, దాని కింద తల పెట్టిన మనిషి పోయాడు. సాగర్ జలాశయం ఒడ్డున, ఆనాటి నుంచీ కట్టేసి ఉన్న స్పీడు బోటులో, అతను స్టీరింగు ముందు కూర్చున్నాడు. పోయిన మెకానిక్కు జాన్ సాహెబ్ కొడుకు వసీం, పొద్దున్నే మాచర్ల నుంచి వచ్చి, వెనక ఇంజను పక్కన పనిముట్లు పరుచుకున్నాడు.

"బాబాయ్! నిన్నే. మూత లేపే స్విచ్చి నొక్కు."

"నువ్వొచ్చి నొక్కుకో వసీం."

"నేనక్కడికొస్తే ఇక్కడ మూత లేపే మోటరు ఎవరు చూస్తారు? నొక్కు."

"నా వల్ల కాదురా. ఓనరుకి కూడా చెప్పా. తాళం తెచ్చిస్తా, కూర్చుంటా, స్విచ్చి మాత్రం ముట్టుకోనని."

"మూత లేవకపోతే ఇంజను దగ్గరకి పోలేం. ఇంజను చూడకపోతే బోటు కదలదు. నువ్వేమో గట్టు మీద టికెట్లు చింపుకుంటా కూర్చున్నావు."

"చింపితే ఏంది? చానా బాగుంది."

"బాగుందా?"

"బాగుంది."

"పిన్ని అట్టా చెప్పలా. రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నావంట."

"దానికేం తెలుసు! అసలు నువ్వెందుకొచ్చావు? ఓనరు గుంటూరు నుంచి వేరేవాణ్ణి పిలిపిస్తానన్నాడుగా. మీ నాన్న పోయిన బోటు. ఎట్టా ఎక్కాలనిపించింది నీకు?"

"నేనే వస్తానన్నా. నొక్కు."

"తల లోపల పెట్టలేదుగా?"

"లేదు."

"చేతులు?"

"చేతులూ లేవు. మూతకి ఆనించే కర్ర పక్కనే పెట్టుకున్నా."

"నొక్కా."

"ఏం రాలా. బ్యాటరీ కొత్తదేగా? తాళం తిప్పావా?"

"ఓ... తిప్పలా. ఇప్పుడు తిప్పా."

"ఆఁ, టక్కుమంది. కరెంటు వస్తంది, మోటరు తిరగట్లా. వదులు, వదులు. ఎర్తు వైరు చూడు, పచ్చగా చిలుం పట్టింది. గీకుతా ఉండు."

"గీకుతానే విను. నీకొక మాట చెప్పాలి."

"చానాసార్లు చెప్పావు."

"సరిగ్గా చెప్పలా. మీ అమ్మ కాళ్ల మీద పడ్డప్పుడు కూడా పొరపాటున తగిలిందన్నా. తగిలిందో, నొక్కానో నాకే తెలవదు. ఇంటి నుంచి ఫోనొచ్చింది. జేబులోంచి తీయబోతా ఇట్టా తిరిగా. చెయ్యి స్విచ్చి మీద పడింది. అదే టయానికి వెనక దబ్బుమంది. అరుపు కూడా లేదురా, వసీం. దబ్బుమంది, అంతే. శివరాత్రికి కోటప్పకొండ పోయి గుండు చేయించుకున్నా. జుట్టు మళ్లా వచ్చింది, ఇది మాత్రం పోలా."

"ఇప్పుడు నొక్కు."

"నేనేం చెప్తన్నా, నువ్వేం..."

"నొక్కు బాబాయ్."

"నొక్కా... లేస్తంది. లేస్తందిరా!"

"చాలు, ఆపు. కర్ర పెట్టా. ఇప్పుడు తాళం తీసి నీ జేబులో వేసుకో."

"ఎందుకు?"

"వేసుకో ముందు. వేసుకున్నావా? ఇప్పుడు మూత దించే స్విచ్చి నొక్కు."

"పిచ్చా నీకు?"

"దూరంగా ఉన్నా. నన్ను చూస్తానే నొక్కు."

"ఏం కాలా."

"మళ్లా."

"చప్పుడు కూడా లేదు."

"మోచేత్తో గుద్దు."

"గుద్దినా ఏం లేదురా. తాళం లేకుండా ఎట్టా పనిచేస్తది?"

"పనిచెయ్యదు. మా అబ్బా మూత కింద తల పెట్టేటప్పుడు తాళం ఎవరి దగ్గర ఉండేది?"

"తన దగ్గరే. లోపలికి వంగేవాడే తాళం జేబులో వేసుకోవాలనేవాడు. ఇరవై ఏళ్ల అలవాటు. కాకపోతే ఆ రోజు తొందరలో ఉన్నాడు. కర్ర పెట్టు జానన్నా అంటే, రెండు నిమిషాల పనేలే అన్నాడు. తాళం సంగతి నేను చూళ్లా. ఆ గోలలో అది నీళ్లలో పడింది. ఓనరు ఇంకోటి చేయించాడు."

"నీళ్లలో పడలా."

"ఏంది?"

"ఆస్పత్రిలో అబ్బా బట్టలు మూటగట్టి ఇచ్చారు. చొక్కా జేబులో ఉంది."

"మళ్లా చెప్పు."

"తాళం అబ్బా జేబులో ఉంది. నువ్వు నొక్కినా, గుద్దినా ఆ స్విచ్చిలో కరెంటు లేదు. నీ చెయ్యి కాదు బాబాయ్."

"నా చెయ్యి కాదు."

"కాదు."

"నా చెయ్యి కాదు... ఉండు, ఉండు. నా వైపు చూడబాక కాసేపు. ఆఁ. మరి మూత ఎట్టా పడింది?"

"కర్ర తీస్తన్నా, చూడు. దేన్నీ ముట్టుకోబాక."

"దిగుతంది! ఎవరూ ముట్టుకోకుండానే దిగుతంది!"

"మూతని లేపే ఆయిలు పంపులో రబ్బర్లు పోయినయ్. ఆయిల్ని నిలబెట్టలేవు. ఒక్కోసారి ఇట్టా మెల్లగా దిగుతది, ఒక్కోసారి దబ్బున పడుద్ది."

"వసీం, తాళం నీకెప్పుడు దొరికిందన్నావు?"

"ఆస్పత్రిలో."

"అంటే మొదటి రోజే."

"పంపు బిరడా విప్పాలి. ఆ స్పానరు ఇటియ్యి."

"మొదటి రోజే తెలుసు నీకు."

"స్పానరు, బాబాయ్."

"నీ స్పానరు కృష్ణలో పడ! మీ అమ్మ నా మొహాన దుమ్మెత్తి పోస్తంటే పక్కనే నిలబడ్డావు. రేవులో నా పక్కన కూర్చుని టీ తాగటం కూడా మానేశారు అందరూ. నువ్వు తాళం ఇంట్లో దాచుకుని ఊరుకున్నావా? ఏం పాపం చేశాన్రా నీకు?"

"వాసన చూడు."

"నేనేమడుగుతున్నా..."

"పంపులో ఆయిలు. వేలు ముంచి వాసన చూడు."

"ఇది... బ్రేకు ఆయిలు. ఆటోల్లో పోసేది."

"ఇది ఈ రబ్బర్లని తినేస్తది. ఉబ్బి, మెత్తబడి, పిగిలిపోతయ్."

"అంత తెలివితక్కువ పని చేసినోడెవడు? ఎవడ్రా?"

"దీపావళి ముందు అబ్బాకి జరమొచ్చి నన్ను పంపాడు, గుర్తుందా? ఆయిలు తగ్గింది, పోసి రమ్మని. డబ్బా ఇంటికాడే మర్చిపోయా. మళ్లా మాచర్ల దాకా ఎవరు పోతారని బద్ధకం. రేవు మీద ఆటోవాడి దగ్గర బ్రేకు ఆయిలుంది. బ్రేకు కూడా ఆయిలుతో నడిచే హైడ్రాలిక్కేగా, ఏమవుతదిలే అని పోశా."

"నువ్వా."

"వారం తర్వాత అన్నం తింటా మాటల్లో చెప్పా. అబ్బా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. కంచం వదిలేసి లేచాడు. ఎవరికీ చెప్పబాక, నేను పోయి మార్చేసొస్తా అన్నాడు."

"నేను పిలవకుండా ఎందుకొచ్చాడా అని ఇన్నాళ్లూ... ఇందుకా?"

"ఇందుకే. రబ్బర్ల సంగతి ఆయనకి తెలుసు. తెలిసీ కర్ర పెట్టలా. నా తప్పు మీ ఎవరి కంటా పడకముందే అయిపోవాలని తొందర."

"మీ అమ్మకి తెలుసా?"

"తెలవదు."

"ఇంకెవరికన్నా?"

"ఇప్పుడు నీకు."

"అయితే ఆమెకి తెలియనీబాక."

"బాబాయ్..."

"నోరు ముయ్యి, విను. నా చెయ్యి కాదని నాకు తెలిసింది. మా ఆవిడ చెవిలో వేస్తా, అంతే. మీ అమ్మ, గుల్జారు వదిన, నన్నే తిట్టుకోనీ. నేను పరాయోణ్ణి, రేవు కాడ కనపడితే మొహం తిప్పుకుంటది, అయిపోద్ది. నీ మీద మొహం తిప్పుకోవాల్సొస్తే ఆ ఇంట్లో ఆమె ఎటు తిరుగుద్ది? ఎనిమిది నెలలు మోశా, అలవాటైంది. రబ్బర్లు మార్చు, పంపు బిగించు, పోదాం. ఫోను తీస్తన్నావేంది? ఎవరికి? వద్దురా వసీం. పెట్టెయ్. నా మాట విను, ఇటియ్యి ఫోను..."

"అమ్మీ... ఆఁ, సాగర్లోనే. తిన్నా. అమ్మీ, ఆ పని ఆపి ఒకసారి కూర్చో. లేదు, నాకేం కాలా. కూర్చున్నావా? ఆ రోజు అబ్బా అన్నం వదిలేసి ఎందుకు పోయాడని అడుగుతా ఉంటావే... నాకు తెలుసు."