ముందు చక్రం

నాన్న పోయిన రెండు వారాలకు అమ్మ చేయాల్సిన పనులు మూడు: రిపేరు కొట్టు ఊడ్వడం, బాగుచేసి ఉంచిన సైకిళ్ళను ఎవరివి వాళ్ళకు అప్పగించడం, గాలి కొట్టే చేతిపంపును ఎవరికైనా ఇచ్చేయడం. ఊడుస్తుండగా మోటారు సైకిలు మీద నర్సు వచ్చింది.

“ఆ రోజు కాన్పు కేసుకి వెళ్తూ ఇక్కడ ఆగాను, పిన్నిగారూ. కరెంటు లేక గాలి మిషను ఆగిపోయింది. బాబాయిగారు చేతిపంపుతోనే కొట్టారు.”

“తెలుసమ్మా.”

“వెనక చక్రం చాలన్నాను. వినలేదు. ముందుదానికీ కొట్టాకే వదిలారు. ఆయాసపడుతున్నారని చూశాను. నర్సునయ్యుండి, చూసి కూడా తొందరలో వెళ్ళిపోయాను. గంటకే పోయారట.”

“ఒక్క చక్రానికి కొట్టి ఏ బండినీ పంపలేదు ఆయన. గుండె డాక్టరు బరువులెత్తొద్దంటే, ‘గాలికి బరువేముందే పిచ్చిదానా’ అని నన్నే ఎగతాళి చేసేవారు.”

“ఒక్క నిమిషం ఆగి నాడి చూసుంటే...”

“నువ్వు ఆగుంటే అక్కడేమయ్యేది?”

“బిడ్డ మెడకి పేగు చుట్టుకుంది. ఇంకో పది నిమిషాలైతే దక్కేది కాదు.”

“తల్లి?”

“ఇద్దరూ బాగున్నారు.”

అమ్మ చీపురును గోడకు ఆనించింది.

“‘ఆ పిల్ల వేళకి చేరిందా?’ అని అడుగుతూనే పోయారమ్మా.”

“చేరాను, పిన్నిగారూ.”

ఇది చదివినవారు ఎప్పుడైనా బండికి గాలి కొట్టించుకుంటే, అడగకపోయినా రెండో చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూసే మా నాన్నను ఒక్కసారి తలచుకోండి.