నాలుగు కాళ్ల దుంగ

అయ్యో సార్, దొంగని చూసినట్టు అలా చూస్తారేంటండీ దాన్ని! బల్లండీ అది. కింద నాలుగు కాళ్లున్నాయి, పైన కూర్చోవడానికి చోటుంది. బల్లకి ఇంకేం కావాలి? బల్ల గుద్ది మరీ చెబుతున్నాను, ఇది... అబ్బా! చెయ్యి గీసుకుపోయింది. బెరడు తియ్యలేదు కదా, అందుకు.

ఆఁ, బెరడున్న బల్లే. సహజంగా ఉంటుందని అలా వదిలేశాం.

మిల్లు ఓనరుతోనే మాట్లాడతారా? మా బాబాయండీ ఆయన. అటవీశాఖ జీపు గేట్లోకి రాగానే కడుపునొప్పి పట్టుకుంది, పాపం. రంపంపొట్టు గుట్ట వెనక దగ్గు వినబడుతోందంటారా? అది పిల్లి. దుమ్ము కదండీ, ఇక్కడ పిల్లులు కూడా దగ్గుతాయి. నేను ఆయన అన్నకూతుర్ని. కోతమిల్లులో పెరిగానే గానీ కోతలు మాత్రం కొయ్యను.

ఆ లక్క, ఆ సీలూ సంచిలోనే ఉంచండి సార్, మీకు పుణ్యముంటుంది. ఇవాళ రంపానికి సీలు పడిందంటే మళ్లీ ఎప్పుడు తీస్తారో మీకే తెలీదు. అదిగో, పనివాళ్లంతా గేటు పట్టుకుని మీ చేతులకేసే చూస్తున్నారు. రంపం ఆగితే వాళ్ల పొయ్యిలూ ఆగుతాయి.

అసలు తప్పెవరిదండీ? పొలం గట్ల మీద చెట్లు నాటండి, పెరిగాక మీ ఇష్టమొచ్చినట్టు అమ్ముకోండని మైకు పెట్టి మరీ చెప్పింది మీ శాఖే కదా! రైతులు నాటారు. చెట్లు కూడా బుద్ధిగా పెరిగాయి. తీరా కొట్టి మా దగ్గరికి తెచ్చేసరికి విధానం మారిందన్నారు. సొంత పొలంలోదైనా సరే, దుంగ కదలాలంటే పర్మిట్టు ఉండాలట. నాటమన్నదీ మీరే, కదపొద్దన్నదీ మీరే! మీ పర్మిట్టు వచ్చేలోపు మా దుంగల మీద పుట్టగొడుగులు మొలిచాయి సార్. వాటికి కూడా పర్మిట్టు కావాలా?

నవ్వారు! మీసం కింద నవ్వారు, నేను చూశాను.

మరి ఆ రూలు చివర్లో మీవాళ్లే ఓ ముక్క వదిలారు కదండీ, తయారైన సామానుకి పర్మిట్టు అక్కర్లేదని. అది వినగానే మా బాబాయి మొహం చూడాలి, చాటంతయింది! మేకుల డబ్బా పట్టుకుని పరుగో పరుగు. సాయంత్రానికల్లా దుంగలన్నీ దూడపిల్లల్లా నాలుగు కాళ్ల మీద లేచి నిలబడ్డాయి.

కాళ్లకి అన్ని చిల్లులేంటంటారా? చెదలండీ. మేకు సైజు చెదలు...

సరే, సరే, అలా చూడకండి, చెప్తాను. కొన్నవాళ్లు అక్కడ లారీలోంచి దింపగానే కాళ్లు ఊడబీకి, దుంగని పలకలుగా కోసేసుకుంటారు. కాళ్లు గోనెసంచిలో మా దగ్గరికి వెనక్కొచ్చేస్తాయి. మళ్లీ ఇంకో దుంగకి కొడతాం. ఆ కాళ్లు తిరిగినన్ని ఊళ్లు మా డ్రైవరు కూడా తిరగలేదు సార్.

హమ్మయ్య, కక్కేశాను. బాబాయ్, నువ్వు దగ్గకు! పిల్లివి కదా!

ఇవన్నీ దుంగలే, ఒప్పుకున్నాను, జప్తు గుర్తుగా ఎర్రరంగు గీతలు గీసుకోండి. ఆగండాగండి! ఆ గోడవారనున్నదానికి మాత్రం గియ్యకండి. ఒక్కసారి కూర్చుని చూడండి. ఊగిందా? ఊగదు.

అదీ దుంగలాగే మొదలైంది లెండి. కాళ్లు వంకరగా ఉన్నాయని సరిచేశాను. సరిచేశాక బెరడు ఎబ్బెట్టుగా కనబడింది. బెరడు తీస్తే ఏముందండీ లోపల, గాలికి చెరువులో నీళ్లు కదిలినట్టు గీతలు! ఇక చిత్రిక పట్టకుండా చెయ్యాగలేదు. మేకులన్నీ పీకేసి, ఉలితో బెజ్జాలు తొలిచి, కాళ్లు దిగ్గొట్టాను. లారీవాడు వచ్చి ఎక్కించమంటే, ఇది అమ్ముడైపోయిందని అబద్ధమాడాను. అక్కడ దాని కాళ్లు కూడా పీకేస్తారని తెలుసు కదా.

ఏంటీ? మిగతావన్నీ ఇలాగే చేస్తే ఇవాళ సీలు వెయ్యరా? నిజంగా? వచ్చే నెల మళ్లీ వచ్చి ఒక్కోదాని మీద కూర్చుని చూస్తారా? కూర్చోండి సార్, పడుకోండి కూడా! బాబాయ్, కడుపునొప్పి తగ్గిందిగానీ బయటికి రా! గేటు దగ్గరవాళ్లని పిలువు, చేతికి దొరికిన ఉలీ చిత్రికా పట్టుకు రమ్మను!

వెళ్తున్నారా? ఒక్క మాట సార్, ఇటు రండి. మెల్లిగా చెప్తాను. మావాళ్లు విన్నారంటే నన్ను ఆ రంపానికే అప్పజెబుతారు.

ఈ కొత్త రూలు ఎత్తేసి పాతదే తెమ్మని మా మిల్లంతా కలిసి మీ ఆఫీసులో అర్జీ పెట్టాం కదా. పాతదొస్తే మళ్లీ దుంగలు కొలవడమేగా నా పని, చిత్రిక ఎవరిస్తారు నా చేతికి? ఆ అర్జీలో మూడో సంతకం నాది. అదొక్కటీ కొట్టెయ్యరూ?