రైలు గేటూ, వెన్న క్రీమూ

మే పదకొండు. ఎండ ముదిరింది, గాలి లేదు. పొద్దున్నే క్రీము కొట్టే పెద్ద గిన్నె తోమి బోర్లించాను.

ఇది ఇవాళ నా రోజువారీ పుస్తకంలో రాసుకున్న మొదటి పద్దు. నిలబడి మాట్లాడమంటే నాకు చేతకాదు, రాసుకున్నది చదవమంటే చదువుతాను, అందుకే పుస్తకం పట్టుకొచ్చాను. సభకు పెద్దగా కూర్చున్న మన యజమానురాలు అమ్మగారికి, కేకు అట్టముక్కతో విసురుకుంటున్న పొయ్యి మేస్త్రికి (నవ్వులు), ఈ వేళప్పుడు కౌంటరు దగ్గర ఉండవలసి ఉండీ ఇక్కడే ఉన్నవాళ్ళకి, ముందు వరసలో కూర్చున్న వదినకి, అందరికన్నా ముఖ్యంగా ఇవాళ మన బండి తాళాలు అప్పగించేస్తున్న అన్నకి నమస్కారాలు.

అన్న ఈ కేకుల దుకాణంలో పందొమ్మిదేళ్ళు బండి నడిపారు. మూడంతస్తుల కేకులు ఎత్తీ దించీ నడుం పట్టేసింది కాబట్టి, ఎత్తే పని లేని చోట, బడిపిల్లల బండి నడుపుదామనుకుంటున్నారు. బడివాళ్ళు సరేనన్నారు గానీ, ఇన్నాళ్ళూ పనిచేసిన చోటునుంచి ఒక ఉత్తరం తెమ్మన్నారు. ఆ ఉత్తరం అమ్మగారి ముందున్న బల్లమీదే ఉంది, సంతకం ఇంకా కాలేదు. అందులో ఆఖరి వాక్యం నేను చూశాను: ‘ఒక్కసారి తప్ప ఎన్నడూ అజాగ్రత్తగా నడపలేదు.’ పొద్దున అన్న అది చదివి, “ఉన్నదే కదా రాశారు” అని మడిచి ఇచ్చేశారు. పిల్లల్ని ఎక్కించే బండికి ఇంకొకర్ని వెతుక్కోవడానికి ఆ ‘ఒక్కసారి’ చాలు. నేను లేచి నిలబడ్డది ఆ ఒక్కసారి గురించి చెప్పడానికే.

మొదట నా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తక్కినది తలకెక్కదు. నాకు గురువు లేడు. అంట్లు తోమడానికి చేరి, పారేయబోయే కేకుల మీద చేయి తిప్పి నేర్చుకున్నవాణ్ణి. పైపూత నిండా కేకు పొడి రేగితే గీకి పారేయక్కర్లేదని, ముందు పల్చగా ఒక పూత పూసి చలిపెట్టెలో పావుగంట ఉంచి మళ్ళీ పూస్తే పొడి కిందే ఉండిపోతుందని, క్రీము విరిగిపోయినట్టు కనిపిస్తే అది పాడవలేదు, వెన్న మరీ చల్లగా ఉందంతే, గిన్నె చుట్టూ వేడి గుడ్డ చుట్టి కొడితే కలిసిపోతుందని, ఇవన్నీ పాడైన కేకులు చెప్పినవే. కేకుమీద పేరు తప్పు రాస్తే ఏం చెయ్యాలో కౌంటరు అమ్మాయికి బాగా తెలుసు. (నవ్వులు) ఆ పేరు ఎవరిదో చెప్పను, ఆవిడ ఇప్పటికీ మన దగ్గరే కొంటోంది.

ఒక్కటే ఎన్నాళ్ళకీ అంతుబట్టలేదు, వేడి. ఏ క్రీము ఎంతసేపు నిలుస్తుంది, ఎందుకు? పదిహేడేళ్ళ కిందటి వేసవిలో డాబామీద నీడన నాలుగు పళ్ళాల్లో నాలుగు రకాల క్రీముతో గులాబీలు వేసి, పక్కన గడియారం పెట్టుకు కూర్చున్నాను. పుస్తకంలో ఉంది: ముప్పయ్యారు డిగ్రీలు, పాలమీగడ క్రీము ఏడు నిమిషాలు, ఒట్టి వెన్న క్రీము ఇరవై రెండు, సగం వెన్న సగం వనస్పతి యాభై అయిదు. నాలుగో పళ్ళెంలో వెన్న క్రీమే ఇంకాస్త చక్కెర దట్టించి పెట్టాను. అది ఎంతసేపు నిలిచేదో చెప్పలేను, కాకి ఎత్తుకుపోయింది. వనస్పతిది మాత్రం ముట్టుకోలేదు. దాని అభిప్రాయం కూడా రాసుకున్నాను. (నవ్వులు)

ఆ తరవాతి వారమే ఒక ఇంట్లో నలభయ్యో పెళ్ళిరోజు, తోటలో విందు, మూడంతస్తుల కేకు. ఆ ఇల్లాలు ముందురోజు రుచి చూడటానికి వచ్చారు. వనస్పతి కలిపినది నోట్లో పెట్టుకుని, “నాలిక్కి కొవ్వొత్తి పూసినట్టుంది నాయనా” అన్నారు. నాకు రోషం వచ్చింది. ఒట్టి వెన్నతోనే పూశాను. ఇరవై రెండు నిమిషాలని నా చేత్తో నేనే రాసుకున్నాను, అక్కడికి నలభై నిమిషాల దారి అని తెలుసు, అయినా చల్లటి కేకు కదా, నిలుస్తుందిలే అనుకున్నాను.

కేకు అన్న బండిలో వెళ్ళింది, నేను వెనకాల బస్సులో వెళ్ళాను. తీరా అక్కడ బండి తలుపు తీస్తే పై రెండంతస్తులూ పక్కకి ఒరిగి ఉన్నాయి. అన్న నాకన్నా ముందు లోపలికి దూరి రెండు అరచేతులూ గోడలా ఆనించి, “పట్టుకున్నా, నువ్వు చూడు, నువ్వు చూడు” అన్నారు. అలాగే వాళ్ళ వంటింటిదాకా మోశాం. నేను క్రీమంతా గీకి, మూడంతస్తుల్నీ విడదీసి, మూడు పళ్ళాల్లో పెట్టి, వాళ్ళ చలిపెట్టె ఖాళీ చేయించి, పళ్ళముక్కలు అద్దుతుంటే, అన్న మోచేతులదాకా క్రీముతో నిలబడి, “ఒకటి అడిగితే మూడు తెచ్చామని చెప్పు, గొడవుండదు” అన్నారు. నిజంగానే ఆ ఇల్లాలు మూడు చూసి సంతోషించారు. తలా ఒకటి దక్కిందని ఆవిడ ముగ్గురు మనవలూ ఇంకా సంతోషించారు.

తిరిగొచ్చాక అప్పటి యజమాని, మన అమ్మగారి భర్త, కారణం అడిగారు. నేను నోరు తెరిచేలోపే అన్న అన్నారు: “రైలు గేటు దగ్గర పట్టాలమీద కాస్త గట్టిగా కుదిపిందండీ. నాదే పొరపాటు.” పెద్దాయన చిట్టాలో ‘అజాగ్రత్త’ అని రాశారు. నేను అక్కడే ఉన్నాను.

(పుస్తకంలో పేజీ తిప్పారు)

కుదుపుకి పడ్డ కేకు విరుగుతుంది, పూలు మాత్రం నిటారుగానే ఉంటాయి. ఆ రోజు ఎక్కడా విరగలేదు. పూలన్నీ తలలు వాల్చాయి, క్రీము కిందికి జారి పీటచుట్టూ చేరింది, అంతస్తులు ఒరిగింది ఎండ పడ్డ కిటికీ వైపు. బండి తలుపు తీసిన క్షణంలోనే నాకు అర్థమైంది. అన్నకి తెలియదు, ఆయన పూలు వేసే మనిషి కాదు కదా. నేను మితభాషినని మీరంతా మెచ్చుకుంటారు. ఆ రోజు నేను చేసింది కూడా మాట్లాడకపోవడమే. నా పుస్తకంలో ఆ తేదీన ‘కారణం’ అని రాసి పక్కన ఖాళీ వదిలేశాను.

ఆ మర్నాటినుంచి అన్న రైలు గేటు దారి మానేశారు. వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళడం మొదలుపెట్టారు, ఇరవై అయిదు నిమిషాలు ఎక్కువ. నలుగురూ ఆయన్ని ‘గతుకుల బాబాయి’ అన్నారు. ఆయనా పలికారు. ఇప్పుడు చూడండి చిత్రం, దారి పెరిగింది కాబట్టి కేకు ఎండలో ఉండే సమయమూ పెరిగింది, కాబట్టి నా క్రీము ఇంకా ఎక్కువసేపు నిలవాలి. మూడు వేసవులు డాబామీద పళ్ళాలు పెట్టాను. మూడు పాళ్ళు వెన్న, ఒక పాలు వనస్పతి, కరిగించి చల్లార్చిన తెల్ల చాక్లెట్టు, ఒక చెంచా మొక్కజొన్న పిండి. గంటా పది నిమిషాలు చెక్కుచెదరలేదు, నాలిక్కి అంటలేదు. ‘ఎండకి కరగని క్రీము’ అని దుకాణానికి పేరొచ్చింది, నాకు ఇదే గదిలో సన్మానం చేశారు. వెనక వరసలో అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది అన్న. నా తప్పుకి నాకు బహుమతి వచ్చింది, ఆయనకి ఆ పేరు వచ్చింది.

ఏమంటున్నారు వదినా? గట్టిగా అనండి, ఫరవాలేదు.

(ముందు వరసలోంచి: “పదిహేడేళ్ళు మీ అన్న చల్లారిన అన్నం తిన్నారయ్యా. ఎందుకింత ఆలస్యమని రోజూ నేను పోట్లాడాను.”)

ఆ పోట్లాట నాతో పడవలసింది వదినా. మీరు ఇంకా అనవలసినవి ఉంటే ఇంటికొచ్చి కూర్చుంటాను, అన్నీ వింటాను.

అన్నా, మీరు లేవకండి.

(“లేస్తానయ్యా. ఆ రోజు గేటు పడితే పావుగంట ఎండలో ఆపాను బండి. అది నీ లెక్కలో ఉందా?”)

లేదన్నా. ఇప్పుడే తెలిసింది. పావుగంటా! అయితే అది నలభై నిమిషాలు కాదు, యాభై అయిదు. ఒట్టి వెన్న అంతసేపు ఆగిందంటేనే ఆశ్చర్యం. చల్లబరచడంవల్ల కాబోలు, చూడాలి. కానీ గేటు వేసింది మీరు కాదు, వెన్న ఎంచుకున్నది నేను.

(నవ్వులు, చప్పట్లు)

అమ్మగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. పాత ఉత్తరం చించేశారు, కొత్త కాగితం మీద రాస్తున్నారు. నన్నే చదవమంటున్నారు. చదువుతాను. ‘ఈయన మా దగ్గర పందొమ్మిదేళ్ళు బండి నడిపారు. ఈయన అజాగ్రత్తవల్ల ఒక్క కేకూ పడలేదు.’ కింద సంతకం ఉంది. చిట్టా కూడా తెప్పించారు, పెద్దాయన రాసిన ఆ మాట కొట్టేసి పక్కన కారణం రాయమంటున్నారు.

ఓపిగ్గా విన్నందుకు మీ అందరికీ, చించి రాసినందుకు అమ్మగారికి, ఇంతసేపూ లేచి వెళ్ళిపోనందుకు అన్నకి కృతజ్ఞతలు. మేస్త్రీ, ఆ పెన్ను ఇలా ఇవ్వు. సెలవు.