కుట్టుమిషన్లకో గది

షట్టరు ఎత్తి, సామాన్లు దాచుకునే అద్దె గదిని చూపించి మేనేజరు వెళ్ళిపోయాడు. అక్కా తమ్ముడూ మిగిలారు.

“కొట్టు మూసేశాక కుట్టుమిషన్లు ఎక్కడ పెట్టుకోను? ఇదే నయం.”

“రెండేళ్ళ అద్దెకి కొత్తవే వస్తాయి కదక్కా.”

“కొత్తవాటికి నా కాలు అలవాటు పడదురా.”

“అబ్బో, కాలికి కూడా గారాబమే! ఇక్కడ వాటికి తుప్పు తప్ప ఏం పడుతుంది?”

“మళ్ళీ కొట్టు తెరిచేదాకానేగా.”

“అదెప్పుడు?”

ఆవిడ షట్టరు అంచున పట్టిన తుప్పుని గోటితో గీకింది.

“మా ముందుగదిలో పెట్టుకో. వీధివైపు కిటికీ ఉంది. సోఫా నిన్ననే అమ్మేశాను.”

“నాతో ఒక్క మాటైనా అనకుండానా? మీ ఆవిడ ఊరుకుంటుందిట్రా?”

“నీ మొదటి గిరాకీ తనే. గుడ్డ కొనుక్కుని, వదిన కొలతలు ఎప్పుడు తీస్తుందా అని కూర్చుంది.”

“ముందే చెప్పొద్దూ! పద, టేపు నా సంచిలోనే ఉంది.”